ముందు ఎవరి డబ్బా

మా చర్చిలో పేరు లేని వస్తువు లేదు. తల ఎత్తితే ఫ్యాను రెక్కమీద ఒక పేరు, తల దించితే కుర్చీ వీపుమీద ఒక పేరు. గోడ గడియారంలో పన్నెండు అంకె కింద దానమ్మగారి జ్ఞాపకార్థం అని రాసి ఉంటుంది. ప్రసంగం సాగినంతసేపూ మేమంతా దానమ్మగారినే చూస్తూ కూర్చుంటాం. మంచినీళ్ల ఫిల్టరుకు దాత ఉన్నాడు, చెప్పుల స్టాండుకూ ఉన్నాడు. చెప్పులు విడిచేటప్పుడు తన పేరు ఎవరూ చదవడం లేదని ఆయన ఆ స్టాండును తెచ్చి సరిగ్గా గుమ్మానికి అడ్డంగా పెట్టించాడు. ఇప్పుడు అందరూ తట్టుకుని పడబోతూ చదువుతున్నారు.

మా అమ్మ పేరు మాత్రం ఎక్కడా లేదు. అమ్మ పేరు సువార్తమ్మ. పటేల్‌గూడలో ఈ చర్చి కట్టేటప్పుడు ఇసుక తట్టలు మోసింది, గోడలకు నీళ్లు కొట్టింది. కూలికి కాదు, భక్తికి. పొద్దున నాలుగిళ్లలో అంట్లు తోముకుని, మధ్యాహ్నం వచ్చి మోసేది. నాకప్పుడు ఎనిమిదేళ్లు, ఆ ఇసుక కుప్పమీదే ఆడుకున్నాను. గోడలోకి పోయిన ఇసుకమీద పేరు ఎవరు రాస్తారు? అమ్మ ఆ మాట ఎప్పుడూ అనలేదు. నేనే అనుకుంటాను, ఆదివారం ఆదివారం, ఫ్యాన్లు తిరుగుతున్నప్పుడు.

నా పేరు గ్లోరియా. వారమంతా జిన్నారం దగ్గర మందుల కంపెనీ ల్యాబులో పని చేస్తాను, ఆదివారం చర్చిలో గిటారు వాయిస్తాను. పెళ్లెందుకు చేసుకోలేదని అడగడానికి చర్చిలో చాలామంది ఉన్నారు, మీరు శ్రమ పడనక్కర్లేదు.

ఈ ఏడాది చర్చికి పాతికేళ్లు నిండాయి. రజతోత్సవం చేద్దామన్నారు. ఆ రోజు తలుపులు తెరిచి, పెద్దలు వరుసగా లోపలికి నడిచి వస్తున్నప్పుడు, మాటలు లేకుండా ఉత్త గిటారుమీద ఒక రాగం వాయించాలని మా పాస్టరు ఏబెల్ అయ్యగారు అన్నారు. "నువ్వే ఒకటి కట్టమ్మా" అని నాతోనే అన్నారు. ఇన్నేళ్లూ నేను ఇతరులు కట్టిన పాటల వెనకాల వాయించినదాన్నే. సొంతంగా ఒకటి కట్టమని ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రమే మొదలుపెట్టాను.

అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేది. రాగం పూర్తయిన రోజు చాట పక్కన పెట్టి, "మల్ల వాయించు బిడ్డా" అంది. వాయించాను. "గిది ఇసుక తట్ట దించినప్పుడు నడుముకు వచ్చే హాయి లెక్క ఉన్నది" అంది. చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంటూ, "మనం గుడికి ఏ సామాను ఇయ్యలె. గిది ఇద్దాం. గిదే మన కానుక" అంది. అమ్మ చర్చిని ఎప్పుడూ గుడి అనే అంటుంది.

ఆ రాగం ఆ రోజు చర్చిలో మోగాలి, అమ్మ ముందు వరుసలో కూర్చుని వినాలి. నాకు కావలసింది అంతే. అంతకంటే నేనేమీ అడగలేదు, ఇది గుర్తుపెట్టుకోండి.

గిటారు శబ్దం చర్చి నిండాలంటే కాలితో తొక్కే పెడల్స్ కావాలని అయ్యగారితో చెప్పాను. మూడు చాలు. ఒకటి ఓవర్‌డ్రైవ్, శబ్దానికి కాస్త గరుకు, కాస్త ఉప్పూకారం ఇస్తుంది. రెండోది డిలే, వాయించిన స్వరాన్ని మళ్లీ మళ్లీ వెనక్కి పలుకుతుంది. మూడోది రివర్బ్, చిన్న గదిలో వాయించినా పెద్ద హాల్లో మోగినట్టు చేస్తుంది. రజతోత్సవానికి ఎవరైనా ఇస్తారా అని ఆదివారం అడిగారు. ముగ్గురు చేతులెత్తారు.

రివర్బ్ సుందర్‌రాజు గారు ఇస్తానన్నారు. ఆయన సంఘ పెద్ద, కమిటీకి కార్యదర్శి, పెద్ద కర్మాగారంలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. డిలే ఎల్సీ టీచరుది, గవర్నమెంటు బడిలో లెక్కలు చెప్తుంది. ఓవర్‌డ్రైవ్ చిన్నరాములు అన్న ఇచ్చాడు. ఆయనది కొండాపూర్ మండలంలో ఒక పల్లె, మక్కజొన్న వేస్తాడు. ప్రతి ఆదివారం రెండు ఆటోలు మారి వచ్చి, ఆఖరి వరుసలో, తలుపు పక్కన కూర్చుంటాడు. "నాకు ఏది ఏందో ఎరుకలేదు బిడ్డా, నీకు అక్కెరున్నది చెప్పు, గదే తెస్త" అన్నాడు. ముగ్గురిలో ముందుగా తెచ్చినవాడు ఆయనే.

మా చర్చిలో అందరూ ఈ పెడల్స్‌ను డబ్బాలు అంటారు. ఎవరి డబ్బా వచ్చింది, ఎవరి డబ్బా రాలేదు అని రెండు వారాలు అదే మాట. మూడూ వచ్చాక, ఆరాధన అయిన తర్వాత కమిటీ కూర్చుంది. నన్నూ పిలిచారు. సుందర్‌రాజు గారు డబ్బాలను టేబుల్‌మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, వర్క్‌షాపులో మిషను చూసినట్టు చూశారు.

"గిటార్ల కెళ్లి వచ్చే సప్పుడు ముందుగాల ఏ డబ్బాలకు పోతది?" అని అడిగారు.

"చిన్నరాములు అన్న డబ్బాలకు, అంకుల్."

"దాని తర్వాత?"

"ఎల్సీ టీచర్ డబ్బాలకు."

"మరి నాది?"

"ఆఖరికి."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తుడవడానికి చాలా సమయం తీసుకున్నారు. "ఆఖరికా" అన్నారు. "నేను రిటైరైన దినం గూడ నన్ను ఎవ్వలు ఆఖర్ల నిలవెట్టలె."

నేను ఓపిగ్గా చెప్పాను. నాకు ఓపిక ఎక్కువ లేదు, ఉన్నదంతా ఆ రోజు ఖర్చు పెట్టాను. "అంకుల్, ఇది మర్యాద వరుస కాదు. పెరుగన్నం మీద తాలింపు ఏసుడు వేరు, తాలింపు ఏసిన పెరుగన్నాన్ని మిక్సీల ఏసి తిప్పుడు వేరు. సామాన్లు అవే గద? ముందు గరుకు చేసి, తర్వాత ఆ సప్పుడును హాలంతా పర్సుకుంట పోతే మంచిగుంటది. ముందే పర్సి, దాన్ని మళ్లీ గరుకు చేస్తే, ఎన్కకు వచ్చే సప్పుడు, ముందుకు పోయే సప్పుడు అన్ని కలిసి గుజ్జు గుజ్జు అయితది" అన్నాను.

వాయించి చూపించాను కూడా. మొదట సరైన వరుసలో, తర్వాత తిరగేసి, ఆయన డబ్బా ముందు పెట్టి. రెండోసారి నా రాగంలోని నాలుగు స్వరాలు ఒకదానిమీద ఒకటి పడి, ఏది ఏదో తెలియకుండా గుర్రుమన్నాయి. ఇంత తేడా వినబడ్డాక ఇక మాట్లాడేదేముందని గిటారు దించి వాళ్ల ముఖాల వైపు చూశాను.

"రెండు మంచిగనే ఉన్నయి" అన్నాడు ఒకాయన.

"రెండోది జెర గంభీరంగ ఉన్నది" అంది ఎల్సీ టీచరు. ఆమె డబ్బా ఎటు తిప్పినా మధ్యలోనే ఉంటుంది, ఆమెకేం.

చిన్నరాములు అన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "నాది ఏడ వెట్టినా మంచిదే బిడ్డా" అన్నాడు. "బయట వెట్టినా మంచిదే. లొల్లి వద్దు."

నాకు ఆయనమీదే ఎక్కువ కోపం వచ్చింది. ఆయన ఒక్క మాట గట్టిగా అని ఉంటే నేను పది అనేదాన్ని. ఏబెల్ అయ్యగారు సుందర్‌రాజు గారికీ నాకూ మధ్య నవ్వుతూ నిలబడ్డారు. ఆయన మంచివారే, కానీ ఆయన మంచితనం ఎప్పుడూ గట్టిగా మాట్లాడేవాళ్ల వైపే ఒరుగుతుంది. "సంఘంల శాంతి ముఖ్యమమ్మా" అన్నారు. "సప్పుడుదేముంది, దేవుడు హృదయం సూస్తడు."

తీర్మానం రాసుకున్నారు. ఒకటో నంబరు సుందర్‌రాజు గారి డబ్బా, రెండు ఎల్సీ టీచరుది, మూడు చిన్నరాములుది. ఊరి పెద్దమనుషులు పెళ్లిబంతిలో కూర్చునే వరుస. గిటారుకు ఆ సంగతి తెలియదు కదా అంటే వినే నాథుడు లేడు.

సుందర్‌రాజు గారు అంతటితో ఆగలేదు. ముప్పై ఏళ్లు ప్లాంటులో చేసిన మనిషి, బోల్టు బిగిస్తే తప్ప ఏదీ ఉన్నట్టు కాదు ఆయనకు. పటాన్‌చెరులో తనకు తెలిసిన ఫ్యాబ్రికేషన్ షెడ్డులో ఒక అల్యూమినియం ప్లేటు చేయించారు. చిన్న పీటలా నాలుగు కాళ్లు, పైన మూడు డబ్బాలు బోల్టులతో బిగింపు, ఒక్కో డబ్బా ముందు మిషన్లకు కొట్టే బిళ్లలాంటి బిళ్ల, దానిమీద నంబరు, కుటుంబం పేరు. కొలతలకని నన్నూ తీసుకుపోయారు. ఆయన షెడ్డు ఓనరుతో టీ తాగడానికి వెళ్లినప్పుడు, వెల్డింగు చేసే బీహారతను తీగలకు ఎక్కడెక్కడ రంధ్రాలు పెట్టాలని అడిగాడు. ప్రతి డబ్బాకూ రెండు పక్కలా పెట్టమన్నాను.

"ఇత్నా ఛేద్ కాహే మేడమ్?" అన్నాడు, ఇన్ని రంధ్రాలు ఎందుకని.

"గాలి ఆడాలె" అన్నాను. అతను నవ్వి పెట్టాడు.

ఆ ప్లేటును ఆదివారం ప్రభువు బల్ల ముందు పెట్టి, నూనె రాసి ప్రార్థన చేశారు. ప్రతిష్ఠ చేసిన వస్తువు కదా, ఇక దాని వరుస మార్చకూడదన్నారు. సరే అన్నాను. చర్చిలో ఉంచితే ఎలుకలు తీగలు కొరుకుతాయని, ప్లేటును మా ఇంట్లోనే ఉంచమన్నారు. దానికీ సరే అన్నాను.

శనివారం సాయంత్రం దాన్ని బోర్లా తిప్పి అమ్మ ఒళ్లో పెట్టాను. పైన బోల్టులు కదలవు, నిజమే. కానీ శబ్దం పోయేది బోల్టుల్లోంచి కాదు, తీగల్లోంచి. తీగలు ప్లేటు కింద ఉన్నాయి, కింద ఎవరూ చూడరు. గిటారు తీగ మొదట చిన్నరాములు అన్న డబ్బాలోకి, అక్కడి నుంచి ఎల్సీ టీచరు డబ్బాలోకి, ఆఖరికి సుందర్‌రాజు గారి డబ్బాలోకి. రంధ్రాలన్నీ పనికొచ్చాయి.

"ఏం చేస్తున్నవ్ బిడ్డా?" అంది అమ్మ.

"పైన వాళ్ల వరుస అమ్మా. కింద మన వరుస."

అమ్మకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కుదుపులు కుదుపులుగా నవ్వింది. "దొంగదానా" అంది. అమ్మ అట్లా నవ్వడం నేను ఎన్నాళ్లకో చూశాను.

మర్నాడు ఆరాధనలో గిటారు మోగింది. నేను చెప్పుకోకూడదు కానీ చెప్పుకుంటాను, అద్భుతంగా మోగింది. ఒక్కో స్వరం విడిగా వెళ్లి, గోడలు తాకి, మెల్లగా తిరిగొచ్చింది. పాట అయ్యాక సుందర్‌రాజు గారు సాక్ష్యం చెప్పడానికి లేచారు. "ఆ బిడ్డ గుజ్జయితది, పాడైతది అన్నది. మీరే ఇన్నరు గద! ముందుగాల ఏది ఉండాల్నో గది ముందుగాల ఉంటే, ఎన్కవన్ని సక్కగైతయ్. ఇంట్లనైనా గంతే, సంఘంలనైనా గంతే" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. అయ్యగారు నా వైపు చూసి, చూశావా అన్నట్టు నవ్వారు.

లేచి ప్లేటు తిరగేసి చూపిద్దామనిపించింది. కాళ్లు కూడా కదిలాయి. కానీ అట్లా చేస్తే ఆ వారమే తీగలు మార్పిస్తారు, రజతోత్సవం రోజు నా రాగం గుజ్జవుతుంది. అందుకని పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఆయన ఆమెన్ ఆయన పట్టుకుపోనీ, నా రాగం నాకు మిగిలితే చాలనుకున్నాను. ఎంత తెలివైనదాన్నో చూడండి.

రజతోత్సవం నెల ఉందనగా అయ్యగారు నన్ను ఆరాధన తర్వాత ఆగమన్నారు. సుందర్‌రాజు గారు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. ఆయన మనవడు రాకీ పక్కన నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. రాకీ ఇంజనీరింగు చదువుతున్నాడు, ఫోన్లో వీడియోలు చూసి ఈ మధ్యే గిటారు నేర్చుకున్నాడు.

"గ్లోరియమ్మా, ఆ దినం పై ఆఫీసు కెళ్లి సంఘాల పెద్దలొస్తరు. వీడియో గూడ తీస్తరు" అని మొదలుపెట్టారు అయ్యగారు. "పడుసు పోరలు ముందుకు రావాలని కమిటీ అనుకున్నది. ప్రవేశానికి రాకీ వాయిస్తడు. నువ్వు కోయిర్ల పాడు. నీ గొంతు గూడ మంచిగుంటది గద."

"ఏం వాయిస్తడు?"

"అదే, నువ్వు కట్టినవు గద, గదే. నువ్వే జెర నేర్పియ్యి."

"అది నా రాగం, అయ్యగారూ."

"రాగం దేవునిదమ్మా" అన్నారు ఆయన, ఎంతో ప్రేమగా. "నీది నాది అంటే ఎట్ల?"

"మరి ఫ్యాన్లు ఎవలయి అయ్యగారూ? దేవుని పేరు ఒక్క ఫ్యాన్ మీద గూడ లేదు."

ఆయన తెలియకుండానే తల ఎత్తి ఫ్యాను వైపు చూశారు. సుందర్‌రాజు గారు కదలలేదు. "డబ్బాలు మంచిగున్నయి, వరుస మంచిగున్నది. ఇగ ఎవలు వాయించినా గట్లనే మోగుతది" అన్నారు. "ఒకటో నంబర్ మాది. ఆ దినం మా పోరడు నిలవడితే తప్పేంది?"

తప్పేముంది, నిజమే. అది నేను చేసి పెట్టిన న్యాయమే. నా తీగల వరుసతో వచ్చిన శబ్దాన్ని చూపించి నన్నే పక్కకు జరిపారు.

ఇంటికొచ్చి ఏడ్చాను, దుఃఖంతో కాదు, ఒళ్లు మంటతో. అమ్మ అన్నీ విని, నా తల నిమిరి, "ఎవ్వలు వాయిస్తేంది బిడ్డా?" అంది. "రాగం మనదే గద. పేరు చెప్పకుంటే మానె. నేను వింటె నాకు ఎరుకవడ్తది. నాకు గంతే చాలు." నేర్పమని అమ్మే చెప్పింది, కాబట్టి నేర్పాను.

రాకీ రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చేవాడు. వాణ్ని అసహ్యించుకుందామని చాలా ప్రయత్నించాను, కుదరలేదు. "అక్కా, గీ తిప్పుడు మస్తున్నది అక్కా, ఎట్ల కట్టినవే?" అని అడిగేవాడు. పెడల్స్ లేకుండా, ఉత్త గిటారుమీద, స్వరం స్వరం నేర్చుకున్నాడు. అమ్మ వాడికి టీ ఇచ్చి, వాడు వాయిస్తుంటే తల ఊపేది. "పోరడు మంచిగనే పట్టిండు" అనేది.

అంతా బాగానే ఉండేది, ఆ ఫ్లెక్సీ కట్టకపోతే. రజతోత్సవానికి ముందురోజు, కంపెనీ బస్సు దిగేసరికి స్టాపు దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ. పైన వచ్చే పెద్దల ఫొటోలు, కింద కమిటీ ఫొటోలు, మధ్యలో గిటారు పట్టుకుని రాకీ. ప్రవేశ సంగీతం రాకీ, సుందర్‌రాజు గారి మనుమడు అని పెద్ద అక్షరాలు. అది కూడా భరించేదాన్నేమో. కింద ఇంకో వాక్యం ఉంది. ఆ రాగాన్ని సుందర్‌రాజు కుటుంబం సంఘానికి కానుకగా సమర్పిస్తోందట.

ఇంటికి ఎట్లా నడిచానో తెలియదు. ప్లేటు కోసం సుందర్‌రాజు గారి మనిషి కాసేపట్లో వస్తాడని ఫోను వచ్చింది. అమ్మ ఇంట్లో లేదు, రేపటి పండుగకు చర్చి ఊడ్చి కడగడానికి వెళ్లింది. పాతికేళ్లయినా ఆమె పని అదే. ప్లేటు తీసి మంచం మీద బోర్లా పెట్టాను. తీగలన్నీ పీకాను. కమిటీ ఎట్లా తీర్మానించిందో అట్లాగే, ఒకటో నంబరు నుంచి రెండోదానికి, రెండు నుంచి మూడుకు, బిళ్లల మీద కొట్టిన అంకెల ప్రకారం గుచ్చాను. తప్పు చేస్తున్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. వాళ్లు అడిగిందే ఇస్తున్నాను, ఒక్క ఇంచు అటూ ఇటూ లేకుండా. రేపు అందరి ముందూ, వచ్చిన పెద్దల ముందూ, వీడియోలో, వాళ్ల వరుస ఎట్లా మోగుతుందో వాళ్లే వినాలి. చెవులున్నవాళ్లు ఎవరో ఒకరు లేచి ఇదేమిటని అడగాలి. అప్పుడు నేను ముందుకు రావాలి. ఇంతవరకే ఆలోచించాను. అమ్మ సంగతి ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున చర్చి కిక్కిరిసింది. మైకులు సరిచూసుకోవలసిన సమయమంతా బెలూన్లు కట్టడానికి పోయింది. అమ్మకు ముందు వరుసలో, అంచు కుర్చీ దొరికింది. నీలం అంచు చీర కట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, బడిలో మొదటి రోజు పిల్లలా నిటారుగా కూర్చుంది. నేను కోయిరులో నిలబడ్డాను. తలుపులు తెరుచుకున్నాయి. ముందు పైనుంచి వచ్చిన పెద్దలు, వాళ్ల వెనక సుందర్‌రాజు గారు, ఆ వెనక కమిటీ, ఆఖరికి దాతలు, దాతల్లో ఆఖరికి చిన్నరాములు అన్న, తువాలు భుజంమీద వేసుకుని.

రాకీ మూడు డబ్బాలూ తొక్కి, వాయించడం మొదలుపెట్టాడు.

మొదటి స్వరం బాగానే వచ్చింది. రెండోది వచ్చేసరికి మొదటిది ఇంకా పోలేదు, మూడోది వచ్చేసరికి ఆ రెండూ తిరిగొచ్చి దానిమీద పడ్డాయి. పడ్డవన్నీ కలిసి చిన్నరాములు అన్న డబ్బాలోకి వెళ్లి గరగరమంటూ బయటికొచ్చాయి. తట్ట దించిన హాయి ఉండాల్సిన చోట లారీ గేరు మార్చినట్టు ఒక గుర్రు. రాకీ ప్లేటు వైపు చూశాడు, తర్వాత బెదురుగా నా వైపు చూశాడు. నేను గడియారంలో దానమ్మగారి వైపు చూశాను. వాడు తన తప్పే అనుకుని శబ్దం పెంచాడు. గుర్రు ఇంకా పెద్దదైంది.

ఎవరైనా ముఖం చిట్లిస్తారేమోనని ఒక్కొక్కరినీ వెతికాను. ఎవరూ చిట్లించలేదు. చేతులు పైకి లేచాయి. వెనక వరుసలో ఎవరో స్తోత్రం అని అరిచారు. ఎల్సీ టీచరు కళ్లు తుడుచుకుంటోంది. పైనుంచి వచ్చిన పెద్దాయన మైకు అందుకుని, ఇట్లాంటి సంగీతం మధ్య దేవుని సన్నిధి స్పష్టంగా తెలుస్తోందన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను ముందుకు రావాల్సిన సమయం వస్తుందని చూస్తూ నిలబడ్డాను, అది రాలేదు. ఈలోగా కోయిరు పాట మొదలైంది, నేనూ నోరు తెరిచి పాడాను.

మధ్యాహ్నం షామియానా కింద బగారా అన్నం, కోడికూర పెట్టారు. రాకీ అన్నం ప్లేటు చేతిలో పట్టుకుని నా దగ్గరకొచ్చాడు, తినడం లేదు. "అక్కా, నేనేమన్న తప్పు కొట్టిన్నా?" అన్నాడు.

"లేదురా. అన్ని కరెక్టే కొట్టినవ్."

"మరి నీ లెక్క ఎందుకు రాలె?"

అంతమందిలో విన్నది వాడొక్కడే, వాడికే చెప్పలేకపోయాను. చిన్నరాములు అన్న చెయ్యి కడుక్కుని వస్తూ, "నా డబ్బా గూడ మోగిందా బిడ్డా?" అని అడిగాడు. "అందరికంటె ఎక్వ మోగింది అన్నా" అన్నాను. ఆయన ఎంతో సంతోషపడి, ఆటో దొరకదని తొందరగా వెళ్లిపోయాడు. సుందర్‌రాజు గారు ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని నా ముందు ఆగారు. "ఇగ ఆ తీగలు ఎవ్వలు కదిలియ్యకుంట కింద రేకు ఏయిస్త" అన్నారు. "రివిట్లు కొట్టిస్త. పోరగాళ్లు ఏలు పెడ్తరు, ఖరాబైతది. జిందగీ అంత గిట్లనే మోగాలె."

"కొట్టియ్యుండ్రి అంకుల్" అన్నాను.

అమ్మ బంతుల్లో ఎక్కడా కనబడలేదు. చర్చిలోకి వెళ్లి చూశాను. హాలు ఖాళీ అయింది, షామియానా కుర్రాళ్లు కుర్చీలు ఒకదానిలో ఒకటి పేరుస్తున్నారు. అమ్మ ముందు వరుసలో, అంచు కుర్చీలోనే కూర్చుని ఉంది. నన్ను చూసి కొంగు సర్దుకుంది.

"అన్నం తిందువు రా అమ్మా. అందరు తిన్నరు."

"ఉండు బిడ్డా. వాయించినంక తింట."

"ఏది?"

"మన రాగం" అంది అమ్మ. "పొద్దుగాల కెళ్లి సూస్తున్న. పాటలు పాడిండ్రు, లారీ సప్పుడు లెక్క ఏదో కొట్టిండ్రు, వాక్యం చెప్పిండ్రు. ఆ పోరడు ఇంక మనది మొదలువెట్టలె. తిననీకి పోయిండా ఏంది?"

కుర్చీలు పేరుస్తున్న కుర్రాడు మా దగ్గరకొచ్చి ఆగాడు. అమ్మ కూర్చున్న కుర్చీ వీపుమీద వేరే ఎవరిదో పేరుంది. ఇంకొంచెంసేపు ఆగమని అతనికి సైగ చేసి, నేను పక్క కుర్చీలో కూర్చున్నాను.